ఎనిమిది టిక్కులకు ఒక దెబ్బ

వయొలిన్ టీచరమ్మ కారుకి టాపెట్లు సరిచేసి, కొత్త ఆయిలు పోసి, మేస్త్రి దాన్ని ట్రయలుకి బయటికి తీశాడు. ఎలా నడుస్తుందో తనూ చూస్తానని టీచరమ్మ పక్క సీట్లో ఎక్కింది. మీగడరంగు కారు, గుండ్రటి బానెట్టు, తలుపు మూస్తే ఇనప్పెట్టె మూసినట్టు చప్పుడు. ఆ రకం కార్లు చెయ్యడం ఆపేసి చాలా కాలమైంది. రోడ్డు మీద పోతుంటే బస్టాపులో జనం కబుర్లు ఆపి మరీ చూస్తారు.

అది మొదట్లో టీచరమ్మ అక్కగారిది. చెల్లెలికి డ్రైవింగు నేర్పింది కూడా అందులోనే. ఇప్పుడావిడ మోకాలి ఆపరేషను చేయించుకుని ఆసుపత్రిలో ఉంది. శనివారం ఇంటికి పంపుతామన్నారు డాక్టర్లు. "నా కారొస్తే వస్తా. టాక్సీలూ గీక్సీలూ తెచ్చారంటే ఇక్కడే పడుంటా" అని మొండికేసి కూర్చుంది.

"మోకాలైతే కొత్తది పెట్టారు గానీ మేస్త్రిగారూ, బుర్ర పాతదే" అంది టీచరమ్మ.

మేస్త్రి నవ్వాడు. ఆమె ముఖం చూసి, ఇది నవ్వాల్సిన చోటని గ్రహించి నవ్వాడు. మాట మాత్రం ఆయనకి సగమే అందింది.

ఆ వీధిలో అందరూ ఆయన్ని స్టెతస్కోపు అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి పెట్టుకుని, లోపలి జబ్బు బయటినుంచే చెప్పేసేవాడు. ఏ బేరింగు అరిగిందో, ఏ వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదో ఆయన చెప్పాక విప్పి చూస్తే అదే ఉండేది. ఇంజన్ల మధ్య, సుత్తి దెబ్బల మధ్య అంతకాలం బతికిన ఆ చెవులు కొన్నాళ్ళుగా మొరాయిస్తున్నాయి. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

లాండ్రీ దగ్గర రోడ్డు కిందికి దిగుతుంది. కింద ఎర్రదీపం పడటం చూసి మేస్త్రి బ్రేకు మీద కాలు పెట్టాడు.

"మేస్త్రిగారూ, ముల్లు పడిపోయింది" అంది టీచరమ్మ.

"అవునండీ, ఈ రోడ్డెప్పుడూ ఇంతే" అన్నాడాయన.

ఆమె ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా చెప్పింది. ఆయన తలూపి ముందుకే చూస్తున్నాడు. ఇక లాభం లేదని ఆమె చెయ్యి చాపి తాళం తిప్పేసింది. ఇంజను ఆగిపోయింది. కారు దొర్లుకుంటూ వెళ్ళి లాండ్రీ గోడ పక్కన నిలబడింది.

"దిగుడులో బండి పోతుంటే తాళం తిప్పేస్తారా అమ్మా!" అంటూ మేస్త్రి హ్యాండుబ్రేకు లాగాడు.

టీచరమ్మ డాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్ మీటరు వైపు వేలు చూపించింది. ముల్లు అట్టడుగున పడుకుని ఉంది.

"ఇంజను ఆపాక అదక్కడే ఉంటుంది కదండీ."

"ఆపకముందే పడింది. మీరు బ్రేకు తొక్కగానే వణికింది, ఆ తర్వాత పడింది. రెండుసార్లు చెప్పాను మీకు."

మేస్త్రి తాళం మీదినుంచి చెయ్యి తీసేశాడు. ఇంజన్లో ఆయిలు ఉన్నంత మాత్రాన చాలదు. అది ఒత్తిడితో పోయి ప్రతి బేరింగుకీ చేరాలి. చేరకపోతే ఇనుముని ఇనుము తినేస్తుంది, అదీ క్షణాల్లో. ఆమె చెయ్యి చాపకపోతే ఏమయ్యేదో ఆయనకి తెలుసు. మళ్ళీ స్టార్టు చెయ్యకుండా బావమరిదికి ఫోను చేశాడు.

బావమరిది షెడ్డులో ఆయనతోపాటే పనిచేస్తాడు. గ్యాసు వెల్డింగులో మంచి చెయ్యి, నోరు అంతకన్నా మంచిది. వ్యాను తెచ్చి, తాడు కట్టి, కిటికీలోంచి తల బయటపెట్టాడు. "బావా, మా అక్కతో సంసారం లాగినట్టు కాదు, మెల్లగా లాగుతున్నా. బ్రేకు మీద కాలుంచు!"

షెడ్డు చేరాక మొదట ఆయిలు కడ్డీ తీసి చూశారు. గీత వరకూ నిండుగా ఉంది. కింద అట్ట పరిచి చూశారు, చుక్క కారడం లేదు. మీటరే అబద్ధం చెబుతోందేమోనని దాని సన్నటి రాగి గొట్టం విప్పి, షెడ్డులో ఉన్న మంచి మీటరు బిగించారు. బావమరిది స్టార్టు చేశాడు. ముల్లు చక్కగా పైకి లేచింది. ముగ్గురూ ఊపిరి పీల్చుకునేలోగానే వణకడం మొదలుపెట్టి, మెట్లు దిగినట్టు దిగిపోయింది. బావమరిది గబుక్కున ఆపేశాడు.

"మీటరు నిజమే చెప్పింది. ఇక లోపల బేరింగులు దెబ్బతిన్నాయో లేదో తెలియాలి" అన్నాడు మేస్త్రి. బేరింగులు పోతే ఇంజను మొత్తం కిందికి దించాలి, లోపల తిరిగే ఇరుసుని, అంటే క్రాంకుని, సానపట్టించాలి. శనివారం మాట అటుంచి, వచ్చే నెల్లో కూడా కారు కదలదు.

"లోడు లేకుండా మెల్లగా కాసేపే నడుపు, వింటాను. అంతమాత్రానికి పోయేదేం లేదు."

మళ్ళీ స్టార్టు చేశారు. మేస్త్రి స్క్రూడ్రైవరు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఒకచోట, రెండోచోట, మూడోచోట.

"శుభ్రంగా ఉంది" అన్నాడు.

టీచరమ్మ బానెట్టు మీదకి వంగింది. "టిక్కుటిక్కుమనేవి కాకుండా లోపల ఇంకొకటేదో కొడుతోందండీ. బరువుగా."

"అలాంటిదేం లేదమ్మా."

"ఉందండీ. నాకు వినిపిస్తోంది."

"నా చెవికి అందనిది మీకు అందుతుందా? నేను పుట్టి పెరిగిందే ఈ మోతలో!"

ఆ మాట గట్టిగా వచ్చింది. బావమరిది ఇంజను ఆపేశాడు. టీచరమ్మ నొచ్చుకున్నట్టు కనబడలేదు గానీ, తన సంచి తీసి భుజాన వేసుకుంది. "సరేనండీ. రేపు పొద్దున వస్తాను" అని వెళ్ళిపోయింది.

ఆమె మలుపు తిరిగేదాకా చూసి బావమరిది మేస్త్రి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఈ మధ్య ఏం చెప్పాలన్నా అతను ఎదురుగా వచ్చే చెబుతున్నాడు.

"బావా, ఆ దెబ్బ నాకూ వినపడింది."

మేస్త్రి చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"అదొక్కటే కాదు. మొన్న నీ వెనక లారీ హారను కొట్టీ కొట్టీ అలిసిపోయి, డ్రైవరు దిగొచ్చి నీ భుజం తట్టాడు. నేను చూశా. ఏదో పరధ్యానంలో ఉన్నావని వాడికి సర్దిచెప్పా. ఇప్పుడు ఆవిడకేం సర్దిచెప్పను?"

"షట్టరు దించు" అన్నాడు మేస్త్రి.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భార్య ముందుగదిలో కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆయన అలవాటుగా టీవీ పెట్టాడు. అది ఎంత పెద్దగా మోగుతోందో ఆవిడ ముఖం చూస్తే తెలుస్తుంది. ఆయన వెంటనే మళ్ళీ ఆపేశాడు. రోజూ నిద్రపోయేదాకా టీవీ ఆపనివ్వని మనిషి ఇవాళ తనే ఆపేసరికి ఆవిడ తలెత్తి చూసింది.

"ఒంట్లో బాలేదా?"

ఆయన స్టూలు లాక్కుని ఆవిడకి దగ్గరగా కూర్చున్నాడు. కాసేపు మడతపెట్టిన తువ్వాళ్ళ వంక చూశాడు.

"నాకు సరిగ్గా వినపడట్లేదే."

"ఏది?"

"ఏదీ. ఎడమ చెవి పోయినట్టే. కుడిది కొంచెం పనిచేస్తోంది."

ఆవిడ చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది. "ఎప్పట్నించి?"

"చాన్నాళ్ళయింది."

"అంటే నేను వంటింట్లోంచి పిలిస్తే పలక్కపోవడం... అందుకా?"

ఆయన తలూపాడు.

"నా మీదేదో మనసులో పెట్టుకున్నారనుకున్నాను. ఏమన్నానా, ఎప్పుడన్నానా అని తవ్వి తవ్వి చూసుకున్నాను. మా తమ్ముడి దగ్గర కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను, తెలుసా? మీ బావకి నేనంటే విసుగొచ్చిందిరా అని."

ఈ సంగతి మేస్త్రికి తెలియదు. బావమరిది ఎప్పుడూ పైకి అనలేదు. ఆయన గొంతు తగ్గింది. "కోపమనుకుంటే అనుకోనీలే అనుకున్నా. చెవిటివాణ్ణని తెలియడం కంటే..."

మాట పూర్తి కాకముందే ఆవిడ మడతపెట్టిన తువ్వాలు తీసి ఆయన మీదకి విసిరింది. అది ఆయన ముఖానికి తగిలి ఒళ్ళో పడింది. ఇంకొకటి కూడా విసిరింది. తర్వాత చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుని, ఆయన చేతిలోంచి రెండూ లాక్కుని మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టింది.

"నా బతుకంతా చెవుల మీదే కదే" అన్నాడాయన. "అవి లేవని తెలిస్తే బండి ఎవరిస్తారు నాకు?"

ఆవిడ ఈసారి ఆయన ముఖంలోకి చూసి, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. "మీకు చేతులున్నాయి. కళ్ళున్నాయి. ఇన్నాళ్ళూ విన్నదంతా బుర్రలో ఉంది. రేపు ఆ టీచరమ్మకి చెప్పండి."

"ఏమని?"

"నాకు చెప్పినట్టే."

పొద్దున్నే టీచరమ్మ వచ్చేసరికి మేస్త్రి షెడ్డు గుమ్మంలోనే ఉన్నాడు. ఆమె నమస్కారం పెట్టేలోగానే, మళ్ళీ ధైర్యం చాలదేమోనన్నట్టు, గబగబా చెప్పేశాడు. "అమ్మా, నాకు చెవులు సరిగ్గా పనిచెయ్యట్లేదు. నిన్న మీరు చెప్పింది నిజంగానే వినపడలేదు. ఆ మాట ఒప్పుకోలేక మీ మీద అరిచాను."

టీచరమ్మ భుజాన సంచి దించి పక్కన పెట్టింది. "నా దగ్గర నేర్చుకునే పిల్లలు శ్రుతి తప్పుతున్నారని నాకే తెలియని రోజొస్తే, నేనూ ఎవరో ఒకరి మీద అరుస్తాను" అంది. "ఇప్పుడేం చేద్దాం చెప్పండి."

"మీరు వినాలి. ఏం వినాలో నేను చెబుతాను. దానికంటే ముందు ఇంకో పనుంది."

తెల్లవారుతుండగా మంచం మీద ఆయన మనసులో తిరిగింది ఒక్క మాటే. బ్రేకు తొక్కగానే ముల్లు వణికిందని ఆమె చెప్పిన మాట. బ్రేకు పడితే కింద చాంబరులో ఉన్న ఆయిలంతా ముందుకి పరిగెడుతుంది. చాంబరు అంటే ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి. అందులోంచి పంపు ఒక గొట్టంతో ఆయిలు పీలుస్తుంది. ఆయిలు ముందుకి పోగానే ఒత్తిడి పడిపోయిందంటే పంపు ఎక్కడో గాలి పీలుస్తోందన్నమాట.

"స్ట్రా ఉంటుంది చూడండి" అన్నాడు టీచరమ్మతో. "దానికి మధ్యలో చీలిక ఉందనుకోండి. గ్లాసు నిండుగా ఉంటే చీలిక మునిగే ఉంటుంది, చక్కగా తాగొచ్చు. నీళ్ళు కాస్త తగ్గాయా, నోట్లోకి గాలే వస్తుంది. నిన్న స్టార్టు చెయ్యగానే ముల్లు లేచింది కదా? అప్పుడు తొట్టి నిండుగా ఉంది. ఆయిలు పైకి వెళ్ళి మట్టం తగ్గగానే పడింది."

"అది తెలిసేదెలా?"

"గ్లాసు ఇంకాస్త నింపితే సరి."

బావమరిది జగ్గుతో ఆయిలు తెచ్చి గీత దాటేలా పోశాడు. ఎక్కువ ఆయిలుతో ఇంజను నడపకూడదు గానీ, పరీక్ష కోసం కాసేపైతే పరవాలేదు. స్టార్టు చేశారు. ముల్లు లేచింది. లేచి అక్కడే నిలబడింది. వాళ్ళు ఎంతసేపు చూసినా వణకలేదు.

"స్ట్రా చిల్లే బావా!" అని బావమరిది బానెట్టు అంచు మీద చరిచాడు.

"ఇంకా సంబరపడకు. గాలి తాగినంతసేపు బేరింగులకి ఏమైందో చూడాలి." మేస్త్రి స్క్రూడ్రైవరు తీసి, పిడి తుడిచి, టీచరమ్మ చేతికిచ్చాడు. "చెవి వెనక ఎముకకి ఆనించండి. ఇదిగో, మొన ఇక్కడ పెట్టండి. ఫ్యానుకి దూరంగా ఉండండి, పైట జాగ్రత్త."

ఆమె పైట నడుముకి బిగించి వంగింది. మొదటిసారి ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. "అమ్మో! లోపల ఊరేగింపే ఉంది" అంది. రెండోసారి కళ్ళు మూసుకుని కదలకుండా ఉండిపోయింది.

మేస్త్రి ఆమె కుడిపక్కకి వచ్చి, ఆమె పెదవులు కనబడేలా నిలబడ్డాడు. "పైన టిక్కుటిక్కుమనేవి వాల్వుల్ని తోసే టాపెట్లు. వాటికేం ఫరవాలేదు. ఆ బరువు దెబ్బ ఎంతసేపటికొకసారి పడుతోందో చెప్పండి."

ఆమె ఎడమచేతి వేళ్ళు తొడ మీద మెల్లగా ఆడాయి. చాలాసేపు చూసుకుని చెప్పింది. "ఎనిమిది టిక్కులకి ఒక దెబ్బ."

"నాలుగుకి కాదు కదా?"

"కాదు."

"ఇంకోసారి చూడండి. తొందరేం లేదు."

"ఎనిమిదికేనండీ. లయ విషయంలో నేను పొరపడను."

మేస్త్రి ముఖంలో బిగువు సడలింది. బావమరిదికి కూడా అర్థమయ్యేలా చెప్పాడు. "క్రాంకు రెండుసార్లు తిరిగితే ఎనిమిది టాపెట్లూ ఒక్కోసారి కొడతాయి. బేరింగు పోతే క్రాంకు తిరిగిన ప్రతిసారీ కొడుతుంది, అంటే నాలుగుకొకటి. ఎనిమిదికొకటంటే క్రాంకు కాదు, దాని రెండు చుట్లకి ఒక్కసారి ఆడేదేదో. అమ్మా, మొన తీసి, ఇదిగో ఈ పక్కనున్న పెట్రోలు పంపు మీద పెట్టండి."

ఆమె పెట్టింది. వెంటనే కళ్ళు తెరిచింది. "ఇక్కడే! ఇదే!"

"దాన్ని ఆడించే మీట అరిగింది. వదులై కొడుతోంది. దాన్ని మార్చడం పెద్ద పనేం కాదు."

"టీచరమ్మకి రెండు తాళాలూ వచ్చు బావా" అన్నాడు బావమరిది. "నిన్న ఒక తాళంతో ఇంజను కాపాడారు, ఇవాళ ఇంకో తాళంతో బేరింగులు కాపాడారు."

ఆమె పకపకా నవ్వింది. మేస్త్రికి మాట అందలేదు. ఈసారి అందినట్టు నటించలేదు. "ఏమన్నావురా?" అని అడిగాడు. బావమరిది మళ్ళీ చెప్పాడు. అప్పుడు మేస్త్రి కూడా నవ్వాడు, అందరికంటే ఆలస్యంగా, అందరికంటే ఎక్కువసేపు.

ఆయిలు దించేసి, కారు కిందికి దూరి చాంబరు విప్పారు. ఆయిలు పీల్చే గొట్టం బయటికొచ్చింది. కింద జల్లెడ శుభ్రంగానే ఉంది. గొట్టం చూడటానికి బాగానే ఉంది, వేలుతో తడిమినా ఏమీ తెలియలేదు. మేస్త్రి ఒక పళ్ళెంలో కిరసనాయిలు పోసి, గొట్టాన్ని అందులో ముంచి, జల్లెడ వైపు అరచేత్తో మూశాడు. బావమరిది రెండో కొసలోంచి ఊదాడు. బుగ్గలు ఉబ్బి కళ్ళు బయటికొచ్చాయి. గొట్టానికి పట్టీలాంటి కాలరు అతికిన చోట, వెంట్రుకంత గీత మీదుగా సన్నటి బుడగలు వరసగా లేచాయి.

"కనబడిందా?" అన్నాడు మేస్త్రి.

టీచరమ్మ వంగి చూసింది. "పాపం, ఇంత చిన్నదా!"

ఇంజను అదురుకి ఏళ్ళ తరబడి అలిసిపోయి అతుకు విడింది. అందులో ఎవరి తప్పూ లేదు. బావమరిది గొట్టాన్ని శుభ్రం చేసి, గ్యాసు మంట సన్నగా పెట్టి, ఇత్తడి కరిగించి పోశాడు. అది పోతపోసినట్టు కూర్చుంది. అది చల్లారేలోగా మేస్త్రి ఒక బేరింగు మూత విప్పి, ముక్కని తీసి వెలుతురులో పెట్టి చూశాడు. బూడిదరంగుగా, మసకగా, ఎక్కడా గీత లేకుండా ఉంది. గోరుతో గీరి చూశాడు. ఎక్కడా గరుకు తగలలేదు. చూసింది చాలదన్నట్టు టీచరమ్మకీ చూపించాడు.

అతికిన గొట్టాన్ని మళ్ళీ కిరసనాయిల్లో ముంచి ఊదారు. ఒక్క బుడగా రాలేదు. శుక్రవారం సాయంత్రానికి చాంబరు బిగించి, కొత్త పెట్రోలు పంపు పెట్టి, ఆయిలు గీత వరకూ పోశారు. ట్రయలుకి టీచరమ్మే నడిపింది. మేస్త్రి పక్కన కూర్చుని దారంతా ముల్లు మీదే కళ్ళు పెట్టాడు. లాండ్రీ దిగుడులో ఆమె బ్రేకు తొక్కింది, ముల్లు కదల్లేదు. వెనక్కి తిరిగొచ్చి ఇంకోసారి దిగింది. అప్పుడూ కదల్లేదు.

శనివారం అక్కగారు ఆసుపత్రి మెట్ల దగ్గర కర్ర ఊతంగా నిలబడి కారుని చుట్టూ చూసి, "టైర్లలో గాలి తక్కువుంది" అంటూ ఎక్కి కూర్చుందట.

తర్వాతి వారం మేస్త్రిని భార్య చెవుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. గాజుగదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, చప్పుడు వినపడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. మొదటి పదినిమిషాలు ఆయన టకటకా నొక్కేశాడు. పరీక్ష చేసే అమ్మాయి ఆశ్చర్యపోయింది. బయట బెంచీ మీద కూర్చున్న భార్యకి మాత్రం విషయం అర్థమైపోయింది. ఆ అమ్మాయి చెయ్యి కదిలినప్పుడల్లా ఆయన నొక్కుతున్నాడు. ఆవిడ లేచి వెళ్ళి గాజు మీద తట్టింది. చూపుడువేలు గాలిలో తిప్పి, గోడవైపు తిరగమని సైగ చేసింది.

మేస్త్రి తిరిగాడు. ఆ తర్వాత మీట చాలా తక్కువసార్లు నొక్కాడు.

చెవి మిషన్లు రావడానికి కొన్నాళ్ళు పట్టింది. పెట్టుకున్న రోజు ఆసుపత్రి బయట ఆయన మెట్ల మీదే ఆగిపోయాడు. బస్సుల మోత చెవుల్లోకి గుప్పున వచ్చిపడింది. తన చెప్పుల చప్పుడు తనకే కొత్తగా ఉంది. భార్య ఆయన మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. సందులోకి తిరిగాక మోత తగ్గింది. పక్కన నడుస్తూ ఆవిడ సన్నగా ఏదో గొణుక్కుంటోంది.

"నువ్వెప్పుడూ ఇలా నీలో నువ్వు మాట్లాడుకుంటావా?" అని అడిగాడు.

ఆవిడ ఠక్కున ఆగి ఆయన వైపు చూసింది. "పెళ్ళయినప్పట్నించీ."

"ఏం మాట్లాడుకుంటావు?"

"మీ గురించే" అంది ఆవిడ. మళ్ళీ నడక మొదలుపెట్టి, "ఇకనుంచి కాస్త చూసుకుని మాట్లాడుకోవాలి" అంది.